అప్పు దావా కాగితం మీద పారాణి

మొన్న శనివారం మధ్యాహ్నం ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంటే, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు లాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడింది. స్కూల్లో ఏదో ప్రాజెక్టు అట, ఇంగ్లీషు రాజుల కాలంలో వర్జీనియాలో జనం ఎలా బతికారో పాత కోర్టు కాగితాలు చూసి రాయాలట. ఇప్పుడు వాటి కోసం ఏ కోర్టు మెట్లూ ఎక్కనక్కరలేదు కదా, అన్నిటికీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. "అమ్మమ్మా, లుక్! ఈ పేపర్ మీద బ్లడ్ ఉంది. ఎవరో కోర్ట్‌లో ఫైట్ చేసారు, ఐ థింక్," అంది సంబరంగా. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. గోధుమ రంగు కాగితం, అడ్డంగా మడతల గీతలు, వాలుగా సాగిపోయే చేతిరాత, అడుగున కుడివైపు ఒక సంతకం, ఆ సంతకం పక్కన బొటనవేలంత ఎర్ర మరక. నా ఒళ్ళోని పళ్ళెం జారి చిక్కుడుకాయలన్నీ కార్పెట్ మీద పడ్డాయి.

బొమ్మ కింద ఎవరో వివరం కూడా రాశారు. అప్పు దావాలో ప్రతివాది తరఫు విన్నపమనీ, ఫలానా ప్రసిద్ధ న్యాయవాది స్వహస్తంతో రాసినదనీ, సంతకం దగ్గరి ఎర్ర మరక బహుశా లక్క ముద్రదై ఉండవచ్చుననీ. లక్కా లేదు, ముద్రా లేదు, నా మొహం! ఆ మరక నాది.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. డెబ్భైల చివర్లో నేను ఈ దేశం వచ్చేసరికి మా వారు చదువు ముగించుకుని, విద్యుత్ కేంద్రాలకు డిజైన్లు గీసే ఒక కంపెనీలో ఇంజనీరుగా కుదురుకుని ఉన్నారు. వర్జీనియాలో మేమున్న చిన్న ఊళ్ళో పలకరించడానికి ఒక్క తెలుగు మనిషి లేడు, కందిపప్పు కావాలంటే కారులో పొరుగూరు పోవాలి, అమ్మతో ఫోనులో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ కాచుకుని, తీరా లైను దొరికాక ఇద్దరం ఏడవడంతోనే సరిపోయేది. అయినా సుఖంగానే ఉన్నాం, లేమని అంటే కళ్ళు పోతాయి. తరువాత కొత్త విద్యుత్ కేంద్రాలు కట్టడం ఆగిపోయింది. ఒకనాటి సాయంత్రం మా వారు ఆఫీసు బల్ల మీది సామానంతా ఒక అట్టపెట్టెలో సర్దుకుని ఇంటికొచ్చి, ఆ పెట్టెను మంచం కిందికి తోసేసి, స్నానం చేసి వచ్చి అన్నం పెట్టమన్నారు. ఆ పెట్టె మళ్ళీ ఎన్నాళ్ళకో గాని విప్పలేదు.

అక్కడి నుంచి ఇంటికి ఆధారమల్లా అప్పటికే నేను చేస్తున్న ఉద్యోగమే. అది మాత్రం ఏపాటిది! ఊళ్ళో కోర్టు భవనం కింది అంతస్తులో పాత కాగితాలను బాగుచేసే గది ఒకటుండేది, అందులో చేతిపని. ఆ గదికి అధికారి తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక అమెరికన్ పెద్దావిడ, నవ్వడం తెలియదనిపించే మనిషి. నేను పనికోసం వెళ్ళిన రోజున బి.ఏ. హిస్టరీ అని చెబితే తల ఊపి ఊరుకుంది. పల్చటి తడి వస్తువులను ఎప్పుడైనా చేత్తో పట్టావా అని అడిగితే మా గోదావరి జిల్లాలో మా మేనత్త పూతరేకులు తీస్తుంటే పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చుకున్నానని, కుండ మీది నుంచి రేకును చిరగకుండా ఎలా లేపుతామో గాలిలో చేతులు తిప్పి చూపించాను. ఆవిడకు ఏమర్థమైందో గాని, తడిపిన పల్చటి కాగితం ఒకటి నా ముందు పెట్టింది. చిరగకుండా లేపాను. సోమవారం రమ్మంది.

ఆ ఏడు కోర్టువాళ్ళు ఏదో ఉత్సవం తలపెట్టి, పాత కాగితాల్లో మంచివి ఏరి అద్దాల బీరువాలో పెట్టి జనానికి చూపించాలనుకున్నారు. వాటిలో పెళ్ళికొడుకు లాంటిది ఈ అప్పు దావా కాగితం. దాన్ని రాసిన లాయరు అప్పట్లో ఇంకా కుర్రవాడు, గుర్రమెక్కి పల్లెటూరి కోర్టుల చుట్టూ తిరిగేవాడు. తరువాత ఈ దేశం రాజు మీద తిరగబడినప్పుడు ఎంత పేరు మోశాడంటే, ఇక్కడ బడిపిల్లలకు కూడా ఆయనెవరో తెలుసు. పేరు మాత్రం నేను చెప్పను. చెబితే అందరూ ఆయన గురించే అడుగుతారు, నా మనసంతా ఆయన ఎవరి కోసం వాదించాడో ఆ రైతు మీదే ఉండేది.

పొగాకు రైతు పాపం. బ్రిటన్ నుంచి వచ్చి ఏటి ఒడ్డున దుకాణం పెట్టిన వర్తకుడి దగ్గర ఉప్పు, గుడ్డ, మేకులు, పార అన్నీ అరువు తెచ్చుకున్నాడు, పంట పోయింది, వర్తకుడు దావా వేశాడు. ఆ కాలంలో బాకీ తీర్చలేకపోతే జైల్లో పెట్టేవారట. మధ్యాహ్నం డబ్బా విప్పి తిని, చేతులు సబ్బుతో కడుక్కుని, భూతద్దం పెట్టుకుని నేను ఆ వంకర రాతను కూడబలుక్కునేదాన్ని. లాయరు ఎక్కడా అప్పు లేదనలేదు. గుర్రాన్నీ పనిముట్లనూ ఇవాళ పట్టుకుపోతే బాకీ తీరదు సరిగదా రేపు తీర్చగల మనిషి కూడా మిగలడు, కాబట్టి వచ్చే పంట రేవుకు చేరేదాకా గడువు ఇప్పించమని మాత్రం వేడుకున్నాడు. తీర్పు ఏమైందో ఆ కట్టలో లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఈ కథ చెబితే, అప్పటికి చాలా రోజులుగా నోరు విప్పని మా వారు చిన్నగా నవ్వి, "మన కేసు కూడా ఆయనకే అప్పగిద్దామే," అన్నారు. ఆ నవ్వు కోసం రోజూ ఆ రైతు గురించి ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని.

ఇక్కడ గాజుల సంగతి చెప్పాలి. మా గదిలో చేతికి ఏమీ ఉండకూడదు, గడియారం, ఉంగరం, గాజు ఏదైనా కాగితాన్ని చింపవచ్చుననీ, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి తీరాలనీ పెద్దావిడ శాసనం. న్యాయమైన మాటే. కాని మన ఇళ్ళలో మొగుడు బతికి ఉన్న ఆడది బోసి చేతులతో ఉంటే ఏమంటారో మీకు తెలుసు. రోజూ పొద్దున్నే గాజులు తీసి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టేటప్పుడు నా ప్రాణం చివుక్కుమనేది. మా వారి ఉద్యోగం పోయాక అది మరీ ఎక్కువైంది. ఆయన అర్జీల మీద అర్జీలు పెట్టడం, వారం తిరగకుండానే మర్యాదగా కాదని జవాబులు రావడం చూసి, నా బోసి చేతుల వల్లనే ఇదంతా జరుగుతోందని లోలోపల నమ్మడం మొదలుపెట్టాను. చదువుకున్నదానివి, నీకిదేం పిచ్చి అని మీరనవచ్చు. అద్దె కట్టవలసిన తారీకు దగ్గర పడుతుంటే చదువు ఏమూలకూ రాదు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం చేసుకునే శుక్రవారం నాడే మా వారికి ఇంకో ఊళ్ళో ఇంటర్వ్యూ పడింది. రెండూ ఒకే రోజున పడడం చూసి, అమ్మవారు ఈసారి కనికరించిందని ఇద్దరం అనుకున్నాం. తెల్లవారకముందే లేచి, స్టీలు చెంబునే కలశం చేసి, సూపర్ మార్కెట్లో దొరికిన బోడి కొబ్బరికాయను దానిమీద నిలబెట్టి, తొమ్మిది పోగుల తోరానికి చిక్కగా పసుపు పట్టించి పూజ చేసుకున్నాను. పక్కన ముత్తయిదువ అంటూ ఎవరున్నారు, మా వారే నా కుడిచేతికి తోరం కట్టారు. కట్టి, టై సర్దుకుని, నన్ను కోర్టు దగ్గర దింపి అటే వెళ్ళారు.

ఆ రోజు గాజులు తీశాను గాని తోరం తీయలేకపోయాను. ఆయన ఆ క్షణాన ఎవరెవరి ముందో కూర్చుని జవాబులు చెబుతూ ఉంటారు, ఆయన కోసం కట్టుకున్న దారాన్ని నేను ఇక్కడ తీసి బల్ల మీద పెట్టనా? చొక్కా చేతిని కిందికి లాగి, తోరం కనపడకుండా గుండీ పెట్టుకున్నాను. ఆ రోజే ఈ అప్పు దావా కాగితాన్ని నీళ్ళలో దించే రోజు. పద్ధతి ఏమిటంటే, కాగితాన్ని సన్నటి వలల మధ్య పెట్టి ముందు మంచినీళ్ళ తొట్టిలో ఉంచి, మడతలు సాగాక పక్క తొట్టిలోకి మారుస్తారు. పాత సిరాలోనూ కాగితంలోనూ పులుపు ఉంటుంది, అది కాగితాన్ని తినేస్తుంది, దాన్ని విరచడానికి పక్క తొట్టిలో ఏం పోస్తారనుకున్నారు? సున్నపు తేట. అచ్చంగా మన తమలపాకుల సున్నం నీళ్ళ మీద తేరుకున్న తేట.

పెద్దావిడ సున్నపు తొట్టి దగ్గర ఉంది, మొదటి తొట్టి నాది. పై వల తీసి మడతల్ని వేళ్ళతో సవరించేటప్పుడు చొక్కా అంచు తడిసి, లోపలి తోరం తడిసి, పసుపు కారి, సంతకం పక్కన అంటుకుంది. గోధుమ రంగు కాగితం మీద తడి పసుపు ఏం తెలుస్తుంది? వల కప్పి ఆవిడ చేతికి అందించాక, నా చొక్కా అంచు వైపు చూపు పోయింది. పచ్చగా ఉంది. ఆ తరువాత ఏం జరగబోతోందో తెలుగింట పుట్టిన ఆడదాన్ని నాకొకరు చెప్పాలా, "అయ్యో, సున్నం! వద్దు!" అని తెలుగులోనే అరిచాను. ఆవిడకేం తెలుస్తుంది, అప్పటికే దించేసింది. చూస్తుండగానే ఆ సంతకం పక్కన పెళ్ళికూతురి పాదానికి పెట్టినంత ఎర్రగా పారాణి పూసింది.

"ఇదేమిటి, సిరా కారిందా?" అంది ఆవిడ. నేను గుండీ విప్పి చెయ్యి చాపి చూపించాను. ఎన్ని మంచినీళ్ళు మార్చినా మరక పల్చబడింది గాని పోలేదు. ఆవిడ బల్ల మీది కత్తెర తీసి, "అది తీసెయ్. ఇప్పుడే," అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా వారికి ఉద్యోగం లేదనీ, ఇవాళ ఇంటర్వ్యూ అనీ, ఇది ఆయన కోసమనీ, సాయంత్రం ఆయన ఇల్లు చేరేదాకా ఆగమనీ, కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యమనీ, దీన్ని మాత్రం కొయ్యొద్దనీ వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలాను. "నీకు ఆ దారం ఎక్కువా, రెండు వందల ఏళ్ళు బతికిన ఈ కాగితం ఎక్కువా?" అని అడిగింది. "మా ఆయన ఎక్కువ," అన్నాను. ఆవిడ కత్తెర సొరుగులో పెట్టి, పై అధికారికి చెప్పడానికి మెట్లెక్కి వెళ్ళింది.

అధికారి వచ్చాడు, చూశాడు, తల పట్టుకున్నాడు. ఆ కాగితం లేకుండానే ఉత్సవం జరిగింది, అంతకుముందే నా ఉద్యోగం పోయింది. ఆఖరి రోజున పెద్దావిడ నా కోసం గట్టిగా చెప్పి చూశానని, వాళ్ళు వినలేదని అంది. నమ్మాను. ఇక మా వారు వెళ్ళిన ఇంటర్వ్యూ సంగతంటారా, ఉత్తరం రాస్తామన్నారట, ఆ ఉత్తరం ఈనాటికీ రాలేదు. ఆయన ఉద్యోగం కోసం కట్టుకున్న తోరం ఆయనకు ఉద్యోగం ఇవ్వకపోగా నాకున్నది కూడా ఊడగొట్టింది. ఇంట్లో తులసి మొక్క లేదు గనక తోరాన్ని బంతి కుండీలో వేసి, అమ్మవారి పటాన్ని గోడవైపు తిప్పేశాను. చాలా రోజులు ఆవిడతో మాటల్లేవు.

ఆ శీతాకాలం ఎలా గడిచిందో ఏం చెప్పను! హీటరు తగ్గించి స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. మా వారు తనలో తను లెక్కలు వేసుకునేవారు, పిలిస్తే పలికేవారు కాదు. ఇండియా పోదామంటే ఇద్దరికి టిక్కెట్లు కొనే తాహతు లేదు. నిద్దట్లో ఆయన ఊపిరి వినపడుతోందా లేదా అని తల ఎత్తి చూసుకునేంత భయం పట్టుకుంది నాకు. అద్దె బాకీ పడింది. కారు అమ్మి కట్టండి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యండి అని అపార్ట్‌మెంట్ మేనేజరు కబురు పెట్టాడు. మా వారు కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అప్పుడు నేను కోటు వేసుకుని, మంచులో నడుచుకుంటూ మేనేజరు గదికి వెళ్ళాను.

వెళుతూ ఉంటే నాకు గుర్తొచ్చింది ఆ లాయరు మాటలే. మేనేజరు బొద్దు మనిషి, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేవాడు. ఆయన ఎదురుగా నిలబడి, బాకీ లేదనడం లేదన్నాను. "కారు అమ్మితే ఇవాళ మీకు ఈ నెలది వస్తుంది. కారు లేకపోతే మా ఆయన ఇంటర్వ్యూలకు ఎలా వెళతారు? వచ్చే నెలది ఎవరిస్తారు? కారు మాకు ఉంచి, గడువు ఇవ్వండి," అన్నాను. ఆయన నమలడం ఆపి, "నువ్వు లాయర్‌వా?" అన్నాడు. కాదనీ, ఒక పెద్ద లాయరు దగ్గర కొన్నాళ్ళు పనిచేశాననీ చెప్పాను. అది అబద్ధమని నేను ఈనాటికీ ఒప్పుకోను.

వసంతకాలం దాకా గడువిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, ఖాళీ అయిన వాటాలకు రంగులు వేస్తే అద్దెలో తగ్గించుకుంటానన్నాడు. మా వారు, అంత పెద్ద చదువు చదివిన మనిషి, మర్నాడే నిచ్చెన ఎక్కారు. నేను కిందనుంచి డబ్బా అందించేదాన్ని. రంగు చుక్కలు పడ్డ జుట్టుతో, చాలా రోజుల తరువాత ఆకలేస్తోందని ఆయన తనంతట తనే అడిగి అన్నం తిన్న రోజున నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మంచు కరిగే వేళకు టెక్సస్‌లో, ఇర్వింగ్ దగ్గర ఒక కంపెనీ పిలిచింది. మా సామానంతా ఆ కారులోనే పట్టింది. మంచం కింది అట్టపెట్టెను ఆయన ఇర్వింగ్‌లో కొత్త ఆఫీసు బల్ల మీద విప్పారు. గోడకు తిరిగి ఉన్న అమ్మవారిని నేను మళ్ళీ ఇటు తిప్పుకున్నాను, ఆవిడ మాత్రం ఎంతకాలమని గోడను చూస్తుంది!

ఇదంతా విని మా మనవరాలు నోరు తెరుచుకుని కూర్చుంది. "అమ్మమ్మా, యు ఆర్ ఇన్ ద ఆర్కైవ్! వాళ్ళు రాంగ్ రాశారు, మనం ఈమెయిల్ చేద్దాం, కరెక్ట్ చేయమని," అని గంతులు వేసింది. తరువాత నా కుడిచెయ్యి పట్టుకుని లాగి ఆ తెర మీద మరక పక్కన పెట్టి చూసింది. మడతలు పడ్డ మణికట్టు, నరాలు తేలిన చెయ్యి, దాని మీద ఏమీ లేదు. "ఇప్పుడు కట్టుకోవెందుకు?" అని అడిగింది పిల్ల. నేను కింద పడ్డ చిక్కుడుకాయలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

ఈ కాలం పిల్లలు శ్రావణ శుక్రవారం నాడు చేతికి తోరంతోనే ఆఫీసులకు పోతున్నారు, మా అమ్మాయి చేతికి అది వారం రోజులు ఉంటుంది, ఎవరూ కత్తెర తీయరు, ఎవరూ అడగరు కూడా. పాత కాగితాలను ఇప్పుడు ఎవరూ తాకరు, అందరూ చూస్తారు. అంతా మంచికే. నాలుగేళ్ళ క్రితం మా వారు పోయాక నేను వ్రతం మానుకున్నాను. ఈ రోజుల్లో ఆ పట్టింపులేమిటమ్మా అని అమ్మాయి కోప్పడుతుంది, నాకే మనసు రాదు. బోసి చేతులకు అంతగా భయపడ్డ ఆ రోజుల్లో, ఆ భయానికి కారణమైన మనిషి పక్క గదిలో ఉన్నాడన్న సంగతే ఎంత ధైర్యమో నాకు తెలియలేదు. ఈమెయిలు వద్దులే, లక్కే అనుకోనీ అని పిల్లకు చెప్పాను. ఆయన కోసం ఏటేటా కట్టుకున్న తోరాలన్నీ ఏయే కుండీల మట్టిలోనో కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది, ముక్కూ మొహం తెలియని ఒక బాకీదారు విన్నపం చివర, ఇంకొంచెం గడువు ఇప్పించమన్న మాట పక్కన.